సందు ఉంటేనే అక్షరం

(హనుమకొండలో డిజైన్ విద్యార్థుల ముందు ఒక బోర్డు పెయింటర్ మాట్లాడిన మాటలివి. ఇప్పుడాయన ఫాంట్లు గీస్తున్నారు. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేసి, మాట తీరును అట్లనే ఉంచాం.)

అందరికి నమస్తే. వెనుక వరుసలోళ్లకు నా మాట వినపడుతుందా? సరే, మాట వినపడితే చాలదు, అక్షరం కూడ కనపడాలె. ఈ తెర మీద ఏం రాసి ఉందో ఆఖరు వరుసలోళ్లు జర గట్టిగ చదవండి. ఏమన్నరు? "వాల కేంద్రం". ముందు వరుసలో మీరేమంటరు? "పాల కేంద్రం". చూసిండ్రా, ఒకటే బోర్డు. ముందు కూసున్నోళ్లకు పాలు, వెనుక కూసున్నోళ్లకు వాలు.

ఈ బోర్డు రాసింది నేనే. 1990ల మొదట్లో. అసలు రేకు ఎప్పుడో తుప్పు పట్టిపోయింది, గుర్తున్నకాడికి మళ్ల గీసి తెచ్చిన. అప్పుడు నేను చౌరస్తా దగ్గర ఒక పెయింటర్ కింద పనిచేస్తున్న. ఉస్తాద్ అనేటోళ్లం. ఆయన పొద్దుగాల రేకు మీద సుద్ద దారం కొట్టి, "పాల కేంద్రం అని రాయి, లావుగ రాయి, బస్సుల పోయేటోళ్లకు కూడ కనపడాలె" అని చెప్పి ఛాయ్ తాగనీకి పోయిండు. నాకు లావు అంటే ఒకటే తెలుసు. సన్నగ రాసుకొని చుట్టూ రంగు పెంచుకుంట పోవుడు. పెంచిన. మస్తుగ పెంచిన. ఉస్తాద్ వచ్చి తిట్టలే. నా చేతిల బ్రష్ తీసి డబ్బాల పెట్టి, "సడక్ దాటి అవతలికి పోయి చదివి రా" అన్నడు. పోయిన. చదివిన. వాల కేంద్రం. తిరిగొచ్చినంక ఒక్క మాట అన్నడు: "నువ్వు గీత గీసినవ్ రా, సందు గీయలే."

సందు అంటే మనకు రెండు అర్థాలు గదా. రెండు గీతల నడుమ ఖాళీ సందే, రెండిండ్ల నడుమ తొవ్వ కూడ సందే. సందు కలుపుకొని ఇల్లు పెంచుకున్నోడి ఇల్లు పెద్దగనే ఉంటది, కానీ వెనుకింటోడు ఏ తొవ్వల రావాలె? అక్షరంలో కూడ అదే లొల్లి. ఈ రోజు నేను చెప్పేదంత ఆ సందు గురించే. పోస్టర్ల మీద, బోర్డుల మీద వాడే లావు అక్షరాలు, స్కేలు కంపాస్ పెట్టి గీసినట్టుండే జామెట్రిక్ బోల్డ్ అక్షరాలు, వాటిని తెలుగులో ఎట్ల గీయాలె, ఎక్కడ వాడాలె, ఎక్కడ వాడొద్దు. అంతే.

ముందుగ ప సంగతి చూద్దాం. మన లిపిలో ప, వ అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి. ఒళ్లు దాదాపు ఒకటే. తేడా ఎక్కడుంది? తలకట్టు దగ్గర. వ లో తలకట్టు ఒంటికి అంటుకొని ఉంటది. ప లో అంటదు, పైన విడిగ నిలబడతది. ఆ నడుమ ఉన్న సన్న సందు, అదే ప. సందు పోతే ప పోయినట్టే. ష, స, హ, ఘ, వీటికి కూడ తలకట్టు విడిగనే ఉంటది. ఇగ చుక్కల సంగతి చూడండి. ధ లోపల చుక్క పెడితే థ. ర లోపల చుక్క పెడితే ఠ. "కథ" అని రాసేటోళ్లే సగం మంది "కధ" అని రాస్తరు, దానికి తోడు మన లావు అక్షరం చుక్కను మింగితే ఇగ చెప్పేదేముంది? ఇంగ్లీషోళ్లకు ఈ బాధ లేదని కాదు. వాళ్ల సి అక్షరం నోరు మూస్తే ఓ అయితది. కానీ వాళ్లకు అట్లాంటివి చేతివేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. మనకు? వర్ణమాల సగం సందుల మీద, చుక్కల మీదనే నిలబడి ఉంది.

సరే, ఈ కంపాస్ అక్షరాల పుట్టుక గురించి జర చెప్త. 1920లలో జర్మనీలో కొందరికి ఒక ఆలోచన వచ్చింది. పాత అక్షరాలు కలం నుంచి పుట్టినయి, వంపులు, తోకలు, సన్నం లావు అన్నీ కలం చేసినవే. ఇది మిషన్ల కాలం గదా, అక్షరాన్ని వృత్తం, చతురస్రం, త్రిభుజంతోనే కడితే ఎట్లుంటది? హెర్బర్ట్ బాయర్ అనే ఆయన బౌహౌస్ బడిలో 1925లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా కూడ తీసేసి ఒక వర్ణమాల గీసిండు. 1927లో పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చక్షరాలు పోత పోసే బావర్ ఫౌండ్రీ దాన్ని తయారు చేసింది. ఇప్పటికి 100 ఏండ్లు దగ్గర పడుతున్నా ఆ ఫాంటు ఇంకా పనిల ఉంది. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలొచ్చిన పలక మీద అక్షరాలు కూడ ఫ్యూచురానే.

అయితే అసలు ముచ్చట ఏందంటే, రెన్నర్ తొలుత గీసిన అక్షరాల్లో కొన్ని మస్తు విచిత్రంగ ఉండె. చిన్న ఆర్ అక్షరం చూస్తే, ఒక నిలువు గీత, పక్కన గాలిలో ఒక చుక్క. అంతే! లెక్కకు చక్కగ ఉంది. చదవనీకి? చదివేటోడికి అది ఆర్ అని తోచాలె గదా. అట్లాంటివి పక్కకు పోయినయి, జనం చదవగలిగినవే నిలబడ్డయి. ఇంకో సంగతి. ఫ్యూచురాలో ఓ అక్షరం కంపాస్ పెట్టి గీసినట్టే కనపడతది. నిజంగ కంపాస్ పెట్టి చూడండి, అంతట ఒకటే మందం ఉండదు. కంటి కోసం సవరించిన వృత్తం అది. కంపాస్ గీసినట్టు కనపడాలంటే కంపాస్‌ను నమ్మొద్దు, ఇదే ఈ పనిలో ఉన్న తమాషా.

నమ్మకం లేకుంటే ఇంటికాడ చేసి చూడండి. 100 మిల్లీమీటర్ల చతురస్రం గీయండి, పక్కన 100 మిల్లీమీటర్ల వృత్తం గీయండి. వృత్తం చిన్నగ కనపడతది. చతురస్రం గీతకు అంచు అంత తాకుతది, వృత్తం ఒక్క బిందువు దగ్గర తాకుతది, అందుకే. వృత్తాన్ని 102, 103కు పెంచితే అప్పుడు రెండు సమానంగ కనపడతయి. అట్లనే ఒకటే మందం ఉన్న రెండు పట్టీలు తీసుకొని ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టండి. అడ్డం పట్టీ లావుగ కనపడతది. అందుకే అడ్డం గీతను జర సన్నం చేస్తం. ఇవన్నీ ఉస్తాద్‌కు ఏ పుస్తకంల చదివితే వచ్చినయి? చదవలే. కన్ను మూసి తెరిచి, వెనుకకు నడిచి, మళ్ల చూసి సవరించేటోడు.

ఇప్పుడు జర లెక్క. భయపడకండి, పదో తరగతి లెక్కనే. బయటి వ్యాసం 100 ఉన్న వృత్తం తీసుకోండి. గీత మందం 10 పెట్టండి. లోపలి ఖాళీ వ్యాసం 80. విస్తీర్ణం ప్రకారం మొత్తం వృత్తంలో 64 శాతం తెలుపు. గీత మందం 25 చేయండి. లోపల 50, తెలుపు 25 శాతం. మందం 30 చేయండి. లోపల 40, తెలుపు ఎంత? 16 శాతం. చూడండి, గీతను మూడింతలు చేసినం, తెలుపు నాలుగో వంతుకు పడిపోయింది. ఇప్పుడు ఆ 40 లోపల ఠ చుక్క పెట్టాలె. చుక్క 20 పెడితే చుట్టూ 10 చొప్పున మిగులుతది. గీత 30, చుక్క 20, అంటే చుక్క బక్కగ కనపడతది. చుక్కను 30 చేస్తే చుట్టూ 5 మిగులుతది, దూరం నుంచి అంత నల్ల ముద్ద. ఎటు పోయినా చిక్కే.

మరి ఏం చేయాలె? నేను చేసేది చెప్త, ఇదొక్కటే తొవ్వ అని కాదు. మొదలు, వృత్తం మీద మొండిపట్టు వదిలేస్త. ఠ, థ లాంటి వాటిని అడ్డంగ జర సాగదీసి వెడల్పు చేస్త. పక్కల మందం ఉంచి పైన కింద మందం తగ్గిస్త. అప్పుడు చుక్కకు గాలి ఆడతది. ఇగ ప దగ్గరికొస్తే, తలకట్టును పైకి లేపి, దాని కింది అంచును సాపుగ కోసేస్త. సందు ఒక తిన్నని తెల్ల పట్టీ అయితది. నేను పెట్టుకున్న కట్టు ఏందంటే, గీత మందంలో మూడో వంతుకు సందు తగ్గొద్దు. గీత 30 ఉంటే సందు 10. అంతకు తగ్గితే దాన్ని అక్షరం అనను. గీతలు కలిసే మూలల దగ్గర లోపలికి ఒక చిన్న కోత కూడ పెడత. ఈ కోత నేను కనిపెట్టింది కాదు. 1978లో మాథ్యూ కార్టర్ అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం బెల్ సెంటెన్నియల్ అనే ఫాంటు గీసిండు. నాసి కాగితం, వేగంగ తిరిగే మిషను, సిరా పారి మూలలన్ని నిండిపోయేది. ఆయన మూలల దగ్గర ముందే ఖాళీలు కోసి పెట్టిండు. సిరా పారితే ఆ ఖాళీ నిండి అక్షరం సక్కగ వస్తది. మనకు సిరా బాధ లేకపోవచ్చు. కానీ రాత్రి పూట లైటు బోర్డు చూడండి. వెలుగు కూడ పారుతది, సిరా లెక్కనే. పగలు "పాన్" అని ఉన్న బోర్డు రాత్రి "వాన్" అని మెరుస్తుంటది.

ఇంకో చిక్కు ఉంది, ఇది ఇంగ్లీషోళ్లకు లేదు. ఇంగ్లీషులో వృత్తాన్ని కొలిచేటందుకు పక్కన హెచ్, ఇ లాంటి సాపు అక్షరాలు ఉంటయి. గుండ్రని అక్షరం గీత దాటి ఎంత బయటికి రావాలో వాటిని చూసి తేల్చుకోవచ్చు. మనకు సాపు అక్షరం ఏది? చెప్పండి. ఆలోచించండి. లేదు గదా! తాటాకు మీద గంటంతో అడ్డంగ తిన్నగ గీస్తే ఆకు చీలుతది, అందుకే మన అక్షరాలు గుండ్రంగ అయినయి అంటరు. అన్నీ గుండ్రమే అయినప్పుడు దేన్ని చూసి కొలుస్తరు? నేను తలకట్ల వరుసను పట్టుకుంట. అన్ని తలకట్లు ఒక దారం మీద కూసుంటే, కింది గుండ్రాలు జర ఎగుడుదిగుడు ఉన్నా కన్ను మాఫ్ చేస్తది.

సరే, వరంగల్‌లో కూసొని రాళ్ల ముచ్చట రాకుంటే ఎట్ల? వెయ్యి స్తంభాల గుడిలో కాకతీయ రాజు రుద్రదేవుని శాసనం ఉంది, 1163 నాటిది. భాష చాలా వరకు సంస్కృతం, అక్షరాలు మనవే, అప్పటి తెలుగు కన్నడ లిపి. ఆ రాయి ముందు ఒక గంట కూసోండి. ఉలితో చెక్కిన గీత మొదటి నుంచి చివరి దాక దాదాపు ఒకటే మందం. ఇంకా పాతది కావాలంటే కరీంనగర్ దగ్గర కుర్క్యాలకు పోండి. బొమ్మలమ్మ గుట్ట మీద 10వ శతాబ్దంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన తెలుగు కంద పద్యాలు ఉన్నయి. ఇప్పుడు మీరు, "జర్మనీ కంటె ముందే మనోళ్లు ఒకటే మందం గీత కనిపెట్టిండ్రు" అని స్టేటస్ పెట్టుకోకండి. అది ఉలి గుణం. బ్రష్ పట్టుకుంటే బ్రష్ గుణం వస్తది, కంపాస్ పట్టుకుంటే కంపాస్ గుణం వస్తది. నేను శాసనం చూడమనేది అందుకు కాదు. చెక్కినోడు అక్షరానికి అక్షరానికి నడుమ రాయిని ఎంత విడిచిపెట్టిండో చూడమంటున్న.

తోరణం ముచ్చట కూడ చెప్పాలె, తప్పదు. మీలో ఎంతమంది కీర్తి తోరణంతో లోగో చేసిండ్రు? చేతులెత్తండి. అబ్బో. 2014లో రాష్ట్ర చిహ్నంలోకి వచ్చినప్పటి సంది మిఠాయి దుకాణం నుంచి కోచింగ్ సెంటర్ దాక అందరికి తోరణమే. నేనూ చేసిన, సిగ్గెందుకు. తోరణం దూలాన్ని తలకట్టు చేసి రెండు స్తంభాలను నిలువు గీతలు చేసి "వరంగల్" అని రాయబోయిన. ఏమైంది? స్తంభాలు వచ్చినయి, అక్షరాలు రాలే. మన అక్షరాలకు నిలువు స్తంభాలు లేవు గదా. హిందీకి కుదిరేది మనకు కుదరదు.

ఇగ ఒత్తుల కాడికొద్దాం. ఏ తెలుగు లావు ఫాంటు చేతికొచ్చినా నేను ముందు టైపు చేసేది ఒకటే మాట, "సమ్మక్క". మూడక్షరాలు, రెండు ఒత్తులు. స కు విడి తలకట్టు ఉంది, మ్మ ఒత్తు పక్క నుంచి కిందికి దిగుతది, క్క ఒత్తు కింద వేలాడతది. తర్వాత "శ్రీ", దానికి పైన గుడిదీర్ఘం, కింద ర ఒత్తు. తర్వాత "రాష్ట్రం". ఈ మూడు నిలబడితే ఆ ఫాంటుతో మేడారం జాతర పోస్టరు నుంచి పెండ్లిపత్రిక దాక ఏదైనా చేయొచ్చు. ఒత్తును చిన్నగ చేసేటప్పుడు మొత్తం అక్షరాన్ని కుదించి కింద పెడితే గీత కూడ సన్నమైతది. పైన పహిల్వాన్, కింద పసిపిల్లగాడు. అట్లని ఒత్తుకు కూడ అంతే మందం ఇస్తే లోపలి సందులు పూడిపోతయి. నేను ఒత్తు గీతకు పై గీతలో ముప్పావు వంతు మందం ఇస్త, ఒత్తును విడిగ మళ్ల గీస్త. కుదించుడు పని పెట్టుకోను. అందుకే ఇంగ్లీషు పోస్టరు ఫాంటు 26 పెద్దక్షరాలు, అంకెలతో ఒడుస్తది, మనది వందల రూపాలు అయితది. క కు గుడి పెడితే తలకట్టు పోయి ఆ తావున గుడి కూసుంటది, మళ్ల ఆ రూపం వేరే గీయాలె. సినిమా టైటిల్ రాసేటోడికి ఈ బాధ లేదు. ఆయన ఒక్క మాటను గెలిపిస్తే చాలు. ఫాంటు గీసేటోడు ఇంకా ఎవరూ రాయని మాటలకు కూడ జవాబు చెప్పాలె.

వాడకం గురించి చెప్పమని మీ సార్లు ప్రత్యేకంగ అడిగిండ్రు. కోపం తెచ్చుకోకండి, మన ఫ్లెక్సీల గురించి మాట్లాడాలె. నేను కూడ ఫ్లెక్సీ షాపుల ఏండ్ల కొద్ది "అను" అనే పేరున్న ఫాంట్లతో పనిచేసినోన్నే. షాపుల జరిగేది ఇది. నాయకుని పేరు పొడుగుంటది, జాగ తక్కువుంటది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరును పట్టుకొని అడ్డంగ 60 శాతానికి నొక్కుతం. ఏమైతది? నిలువు గీత మందం 60 శాతానికి పడిపోతది, అడ్డం గీత అట్లనే ఉంటది. ఇందాక నేనేం చెప్పిన? అడ్డం గీత సన్నముండాలె అని. ఇక్కడ తలకిందులు. గుండ్రాలు కోడిగుడ్లయితయి. అప్పుడు "అన్నా, కొట్టొచ్చినట్టు లేదు" అంటరు. ఒక తెల్ల అంచు, దాని మీద ఒక ఎర్ర అంచు, దాని వెనుక నల్ల నీడ. అంచు బయటికే కాదు, సందులోకి కూడ పారుతది. ఇగ ప లేదు, ష లేదు, థ లేదు. ఆఖరుకు పేరు కంటె ఫొటో చూసే గుర్తుపట్టాలె.

నొక్కకుండ పని అయితదా? అయితది. ఫాంట్లు గీసే ఏక్ టైప్ సంస్థ వాళ్లు 2022లో తెచ్చిన అనేక్ తెలుగు అనే ఫాంటు ఉంది. దాంట్లో సన్నం నుంచి లావు దాక, ఇరుకు నుంచి వెడల్పు దాక గీసేటోళ్లే సరిచూసి ఇచ్చిండ్రు. ఇరుకు కావాలంటే ఇరుకు రూపం వాడండి, నొక్కకండి. గుండ్రంగ, బొద్దుగ, నవ్వుమొహంతో ఉండేది కావాలంటే వాళ్లదే బాలూ తమ్ముడు ఉంది. ఆ పేర్లు జర తమాషా. ఒకటే కుటుంబం, కన్నడంలో తమ్మ, తమిళంలో తంబి, మలయాళంలో చేట్టన్, మనకు తమ్ముడు. సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన రామభద్ర ఉంది, హెడ్డింగులకు మంచి బరువు. ఇవన్నీ పైసలు లేకుండ దొరుకుతయి, యూనికోడ్ ఫాంట్లు. అంటే ఒకసారి టైపు చేస్తే ఫోన్ల, కంప్యూటర్ల, ఎక్కడైనా చదువుకోవచ్చు.

ఎక్కడ వాడొద్దు? పేరాలలో వాడొద్దు. లావు అక్షరం నాలుగైదు మాటలకు సరిపోతది. నిన్న ఒక కరపత్రం చూసిన, అడ్రసు, ఫోను నంబరు, షరతులు అన్నీ లావే. అందరు ఒక్కసారి ఒర్రితే ఎవరి మాట వింటరు? ఇంకోటి, రెండు వరుసల నడుమ జాగ. సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాగ ఇంగ్లీషుకు చాలుతది. మనకు పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుతది. నేను అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లతోటి మొదలు పెడత, తర్వాత మాటలు చూసి తగ్గిస్త. ఒత్తులు లేని వరుస కింద గుడులు లేని వరుస వస్తే దగ్గరికి జరపొచ్చు. "మేడారం" కింద "జాతర" ఎంత దగ్గరికైనా వస్తది. "సమ్మక్క" కింద "శ్రీ" రాదు.

ప్రశ్నలు

ఏమన్నవమ్మా? పక్కన ఇంగ్లీషు పెట్టాలంటే ఎట్ల అనా? మంచి ప్రశ్న. అందరు చేసే తప్పు ఏందంటే, తెలుగు మొత్తం ఎత్తు కొలిచి, గుడి నుంచి ఒత్తు దాక, అంత ఎత్తు ఇంగ్లీషు పెద్దక్షరాలు పెడతరు. ఇంగ్లీషు ఏనుగు అయితది, తెలుగు దాని పక్కన మావటోడు. ఒత్తులు, గుడులు విడిచిపెట్టి తెలుగు అక్షరం ఒళ్లు కొలవండి. దానికి జర మీదికి ఇంగ్లీషు పెట్టండి. మందం మాత్రం స్కేలుతో కొలవకండి, రెండింటిని సడక్ అవతలి నుంచి చూడండి.

దూరం లెక్క? బోర్డులోళ్ల పాత లెక్క ఒకటుంది, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు. అది ఇంగ్లీషు పెద్దక్షరాలకు. తెలుగుకు నేను అంగుళంన్నర వేస్త, అది కూడ ఒళ్లు ఎత్తే, ఒత్తులు కాక.

మీ ఫాంటు ఎప్పుడొస్తది, పేరేంది అని అడుగుతున్నడు తమ్ముడు. పేరు పెట్టలే. పిల్ల పుట్టకముందే పేరెందుకు? అన్ని అక్షరాలు ఒక దారికి వచ్చినయి, ఝ ఒక్కటి రాలే. నాలుగుసార్లు గీసిన. లావు చేస్తే పక్క రెండక్షరాల జాగ తింటది, ఇరుకు చేస్తే లోపల సందులన్ని పూడిపోతయి. ఝ తోటి ఏం మాటలున్నయి, విడిచిపెట్టరాదు అని ఒకాయన అన్నడు. మా గల్లీలనే ఝాన్సీ టైలర్స్ అని ఉంది, ఆమెకు ఏమని చెప్పాలె? మీలో ఎవరన్న లావు ఝ గీస్తే తీసుకరండి. ముందు సడక్ అవతల నిలబెట్టి చదివిస్త, చదివినంక ఛాయ్ నాదే.